జూలై 4న బెజవాడలో

మా నర్సీపట్నంలో జూలై 4 అంటే పొద్దున్నుంచే మైకుల హోరు. అల్లూరి జయంతి. పిల్లలు కాషాయం కట్టి, విల్లు పట్టుకుని ఊరేగుతారు. ఈసారి చెల్లి పెళ్లి బట్టల కోసం సరిగ్గా ఆ రోజే బెజవాడ రావాల్సి వచ్చింది. తునిలో రైలెక్కినప్పటి నుంచీ మనసు ఇంటి దగ్గరే ఉంది.

వన్‌టౌన్‌లో బట్టల పని రెండు గంటల్లో తేలిపోయింది. ఆకలేసి ఓ టిఫిన్ హోటల్లో కూర్చుంటే ప్లేటు ఇడ్లీ 60 రూపాయలన్నారు. మా ఊళ్లో అందులో సగం. ఒళ్లు మండింది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన చొక్కా జేబుకి గుండుసూదితో ఓ కాగితపు జెండా గుచ్చి ఉంది. సూది తుప్పు పట్టి, జెండాలోని తెలుపు మీద చిన్న మరక పడింది.

"ఏ ఊరు బాబూ?"

చెప్పాను.

"అయితే ఇవాళ మీకు జయంతి. మాకు వర్ధంతి."

పింగళి వెంకయ్య గారు 1963లో పోయింది ఇదే తేదీన, ఈ బెజవాడలోనే. నాకు తెలియదు. జెండా ఆయనదని చిన్నప్పుడే చదువుకున్నాను, ఆయన పోయిన రోజు మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దాయన రిటైరైన టీచరట, వేళ్ల మీద లెక్కలు కట్టారు. అల్లూరి పుట్టింది 1897. అంటే బతికుంటే ఆ రోజుకి 66 ఏళ్లు. వివేకానందుడు పోయింది 1902లో, అదీ జూలై 4నే. అప్పటికి మన రామరాజుకి సరిగ్గా అయిదేళ్లు నిండాయి. నా ఇడ్లీ చల్లారిపోయింది.

1921లో గాంధీగారు కాంగ్రెస్ సమావేశాలకి బెజవాడ వచ్చినప్పుడు వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చల జెండా తయారుచేసి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టులోనే చింతపల్లి, కృష్ణదేవిపేట (కేడీపేట), రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి దాడులు. ఒకరు జెండా, ఒకరు తుపాకీ. మధ్యలో ఏడాదిన్నర కూడా లేదు. ఆ రెండు కథలూ నేనెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

బందరు రోడ్డులో బాపూ మ్యూజియం చూసి వెళ్లమన్నారాయన. ఆ జెండా గాంధీగారి చేతికి అందింది అక్కడేనట. ఆటో 200 అడిగాడు, 150కి ఒప్పుకున్నాడు. అదీ ఎక్కువే, అయినా ఎక్కాను. విక్టోరియా రాణి జూబిలీ కోసం కట్టిన భవనం అది. గేటు దగ్గర చెప్పులు విప్పబోయి, గుడి కాదుగా అని ఆగాను. మళ్లీ విప్పాను.

అసలు మాట మరిచాను. హోటల్లో లేస్తుండగా పెద్దాయన నా చేతిలో 50 రూపాయలు పెట్టారు.

"కేడీపేటలో అల్లూరి సమాధి మీద నా పేరున ఓ దండ వెయ్యి."

"వద్దండీ, నేనే కొని వేస్తాను."

"నీ డబ్బుతో వేస్తే అది నీ దండ అవుతుంది బాబూ."

ఆ నోటు విడిగా మడిచి జేబులో దాచాను. ఆదివారం కేడీపేట బస్సెక్కాలి.