ప్రశ్నలన్నీ డాక్టరు గదిలోనే

నాకు పెద్దపేగులో క్యాన్సర్ అని తేలిన వారం తిరక్కుండానే మా ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. మా ఆయన, మా అబ్బాయి ఒకవైపు. డాక్టరు ఏం చెబితే అది చేసెయ్యాలి, మారు మాట్లాడకూడదు అన్నది వాళ్ళ మాట. విజయనగరం నుంచి హడావుడిగా వచ్చిన మా అక్క, బావగారు ఇంకోవైపు. "కత్తి పెట్టనివ్వకే. కందిరీగల తుట్టె కదిపినట్టే, ఒళ్ళంతా పాకిపోద్ది" అంది అక్క. రెండు పక్షాలకీ నా మీద ఉన్నది ప్రేమే. కానీ రెండింటిలోనూ నన్ను ప్రశ్న అడగనిచ్చే చోటు లేదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వైజాగ్‌లో అక్కయ్యపాలెంలో మా ఇల్లు. కొన్నాళ్ళుగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలకి మందు వాడాను. తగ్గలేదు సరికదా, స్కూల్లో మేడ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో, పెద్దపేగుకి సిగ్మాయిడ్ అనే చివరి వంపు దగ్గర గడ్డ కనిపించింది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా రక్తం పడుతుంటే, మొలలే అని ఎవరెంత ధీమాగా చెప్పినా ఒకసారి లోపల చూపించుకోండి.

మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు రిపోర్టు తిరగేసి, "ఆపరేషన్, ఆ తర్వాత ఆరు నెలలు కీమో. ఎల్లుండి అడ్మిట్ అయిపోండి" అన్నారు. ఆరు నెలలు ఎందుకండీ అని అడిగాను. "అవన్నీ మీరు ఆలోచించకండమ్మా, మేం చూసుకుంటాం" అని బెల్లు కొట్టారు. చెప్పింది తప్పని కాదు. కానీ కోసేది నా కడుపు, ఎక్కించేది నా నరంలోకి. ఆ రెండు ముక్కలతో నేను సంతకం పెట్టలేకపోయాను.

ఆ మర్నాడు బావగారు నన్ను భీమిలి వైపు ఉన్న ఒక ప్రకృతి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను గంటకు పైగా కూర్చోబెట్టారు. ఏం తింటున్నాను, ఎప్పుడు పడుకుంటున్నాను, ఇంట్లో ఎవరితో పడదు, అమ్మ పోయినప్పుడు ఏడ్చానా లేదా, అన్నీ అడిగారు. ఆ గంటలో నాకు నిజంగానే ఉపశమనం కలిగింది. ఇంత చదువుకున్నవాళ్ళు కూడా ఎందుకు అటు వెళ్తారో నాకు అక్కడే అర్థమైంది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళ మాట వినే మనిషి అక్కడ దొరుకుతున్నాడు, అంతే.

ఆయన చెప్పిన వైద్యం నలభై రోజుల రసాలు. గోధుమ గడ్డి రసం, లక్ష్మణఫలం ఆకుల కషాయం. అన్నం, పంచదార పూర్తిగా బంద్. గడ్డ కరిగిపోతుందన్నారు. నాలాంటి కేసులు ఇలా ఎంతమందికి చేశారు, ఐదేళ్ళ తర్వాత వాళ్ళలో ఎంతమంది ఉన్నారు అని అడిగాను. అనుభవం మీద చెబుతున్నానన్నారు. లెక్క మాత్రం లేదు. కీమో కన్నా లక్ష్మణఫలం పదివేల రెట్లు బలమైనదని వాట్సాప్‌లో తిరిగే మాట మీరూ చూసే ఉంటారు. అది ప్రయోగశాలలో గాజు పళ్ళెంలోని కణాల మీద చేసిన పరీక్షల నుంచి పుట్టుకొచ్చిన మాట. మనుషుల్లో గడ్డ కరిగించినట్టు రుజువు లేదు.

లెక్క ఉన్నది వేరేచోట దొరికింది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు 2018లో అచ్చువేసిన అధ్యయనం ఒకటి ఉంది. మామూలు చికిత్స వద్దనుకుని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కదాన్నే నమ్ముకున్న 281 మందిని, అలాంటి జబ్బే ఉండి చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చారు. మొత్తం మీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువ. పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లలో అయితే నాలుగున్నర రెట్లు. ఆ అంకె చదివాక నాకు ఆ దారి మూసుకుపోయింది. కానీ ప్రశ్నలు మూసుకుపోలేదు.

వాటిని రూళ్ళ నోటుబుక్కులో రాసుకుని అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాను. టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళది. గాజువాక, కూర్మన్నపాలెం దాటి వెళ్ళాలి. శ్రీకాకుళం నుంచీ, పాడేరు నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు సంచులతో, క్యారేజీలతో వరండాల్లో కూర్చుని ఉంటారు. మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. చూసిన డాక్టరమ్మ మా అబ్బాయి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. నా పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదివింది. "ఒక్కోటీ చెప్తానండీ టీచరుగారూ" అంది.

కత్తి పెడితే పాకుతుందా అన్నది అక్క ప్రశ్న. గడ్డని ముక్కలు చెయ్యరు, దానికి వెళ్ళే రక్తనాళాలు కట్టేసి, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో (జబ్బు ముందుగా పాకే చిన్న చిన్న కణుపులతో) సహా ఆ పేగు భాగాన్ని ఒకే ముక్కగా తీస్తారు అని బొమ్మ గీసి చూపించింది. తీసినవాటిలో కనీసం పన్నెండు గ్రంథులైనా పరీక్షిస్తేనే జబ్బు ఎంతదాకా వెళ్ళిందో నమ్మకంగా చెప్పగలమంది. కొందరికి జబ్బు అప్పటికే పాకిన సంగతి ఆపరేషన్ టేబుల్ మీదే బయటపడుతుంది. దాంతో కత్తి పెట్టాకే పాకిందనుకుంటారు. ఇది విన్నాక అక్క మొహంలో బిగువు కొంచెం సడలింది.

ఆపరేషన్ అయింది. రెండు గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయి. మూడో దశ అన్నమాట. కంటికి కనిపించే గడ్డంతా తీసేశాక కీమో దేనికి? నా పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసుకున్న ప్రశ్న ఇదే. మూడో దశలో ఆపరేషన్‌తోనే నయమైపోయేవాళ్ళు నిజంగానే ఉన్నారట. వాళ్ళెవరో ముందుగా తేల్చి చెప్పడం కష్టం. 1990లో వచ్చిన పెద్ద ప్రయోగంలో, ఆపరేషన్ తర్వాత మందు ఇస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం 41 శాతం తగ్గింది, చావులు మూడో వంతు తగ్గాయి. అప్పటినుంచి మందులు ఇంకా మెరుగయ్యాయి.

సరే, ఆరు నెలలు ఎందుకు? ఈ ప్రశ్నకి ఆమె నవ్వి, ఇది మేమూ ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్నేనండీ అంది. ఆరు దేశాంతర ప్రయోగాల్లోని పన్నెండు వేలకు పైగా రోగుల వివరాలు కలిపి 2018లో తేల్చారు. మూడో దశలోనే ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్ళకి, అంటే గడ్డ పేగు గోడ దాటి మరీ బయటికి పోకుండా, మూడుకి మించని గ్రంథుల్లో మాత్రమే ఉన్నవాళ్ళకి, ఆక్సాలిప్లాటిన్ సెలైన్, కేపెసిటబిన్ మాత్రలు కలిపి ఇచ్చే పద్ధతిలో మూడు నెలలు చాలు. మూడేళ్ళు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు మూడు నెలల వరసలో 85 శాతం, ఆరు నెలల వరసలో 83 శాతం. చేతులూ కాళ్ళూ మొద్దుబారే నరాల బాధ మాత్రం మూడు నెలలవాళ్ళకి ఎంతో తక్కువ. అందరికీ ఇది వర్తించదు, గ్రంథులు ఎక్కువ ఉంటే ఆరు నెలలే మంచిదని కూడా చెప్పింది. నా కేసు అందరూ కూర్చుని చూసి మూడు నెలలు ఖాయం చేశారు.

చికిత్సను ప్రశ్నించడమంటే నా దృష్టిలో ఇదే. ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళ ముందు కూర్చుని అడగడం. ఒకచోట చెప్పకపోతే ఇంకోచోట అడగడం. సగం మందు తగ్గింది నాకు, ధైర్యంగా తగ్గింది.

ఆ మూడు నెలలూ తేలిగ్గా మాత్రం గడవలేదు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన రోజునుంచి చలవ తగిలితే షాకు కొట్టినట్టుండేది. మే నెల వైజాగ్ ఉక్కపోతలో, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, గోరువెచ్చని నీళ్ళే తాగాలి. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీయబోతే వేళ్ళలో సూదులు. చల్లటి మజ్జిగ ఒక్క గుక్క తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరాడదేమో అన్నంత భయం. కొన్ని రోజులకి అది తగ్గేలోపు మళ్ళీ సెలైన్ రోజు వచ్చేది. మాత్రల వల్ల అరికాళ్ళు ఎర్రబడి మండేవి. కాటన్ సాక్సు వేసుకుని, క్రీము రాసుకుని ఇంట్లో తిరిగేదాన్ని. చొక్కా బొత్తాం పెట్టలేని వేళ్ళతో సుద్దముక్క ఎలా పట్టుకుంటానో అని ఏడ్చిన రాత్రులున్నాయి. వేళ్ళ కొసలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటాయి.

వంటిల్లు అక్క చేతిలోకి వెళ్ళింది. క్యాన్సర్‌కి పంచదారే మేతని అన్నం కూడా మాన్పించింది. నేను బరువు తగ్గుతుంటే డైటీషియన్ అక్కని కూర్చోబెట్టి చెప్పింది. పంచదార మానేసినా శరీరం తనకి కావలసిన గ్లూకోజు అన్నంలోంచో, పప్పులోంచో, చివరికి కండలోంచో తయారు చేసుకుంటుంది. మేత ఆపి కణాన్ని మాడ్చలేం, మనిషే మాడిపోతుంది. గుడ్డు, చేప, పప్పు, పెరుగు పెట్టమంది. తెల్లకణాలు పడిపోయినప్పుడు పచ్చి రసాలు వద్దంది. ఏ కషాయం, ఏ విటమిన్ బిళ్ళ వాడినా ముందు చెప్పమంది. ఫోలిక్ యాసిడ్ లాంటి మామూలు బిళ్ళ కూడా కేపెసిటబిన్ దుష్ప్రభావాన్ని పెంచగలదట. ఇది చాలామందికి తెలియదు. అక్క చెప్పినవాటిలో మంచివి మాత్రం నేను వదల్లేదు. పొద్దున్న చోడి అంబలి, రోజూ ఆకుకూర, రాత్రి తొందరగా భోజనం. అబ్బాయి తెచ్చుకునే సాసేజీలు మానిపించాం. నిల్వ మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది.

నడక నాకు నేనుగా మొదలుపెట్టుకున్నాను. కీమో అయ్యాక ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర దిగి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా వెళ్ళి వెనక్కి. మొదట్లో మా ఆయన చెయ్యి పట్టుకుని, ప్రతి బెంచీ దగ్గరా కూర్చుంటూ. తర్వాత ఆయనే వెనకబడేవారు. 2025 జూన్‌లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో కొందరికి మూడేళ్ళపాటు శిక్షకులతో వ్యాయామం చేయించారు, మిగతావాళ్ళకి సలహా పుస్తకాలిచ్చారు. ఎనిమిదేళ్ళకి వ్యాయామం చేసినవాళ్ళలో 90 శాతం, మిగతావాళ్ళలో 83 శాతం బతికి ఉన్నారు. వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట చురుకైన నడకతో అందుకోగలిగిన వ్యాయామమే అది. స్టాఫ్‌రూంలో అది చదివి నేను గట్టిగా కేకేశాను. జీవనశైలి అనగానే పెదవి విరిచే డాక్టర్లూ, జీవనశైలి ఒక్కటే చాలనే వైద్యులూ ఇద్దరూ దీన్ని చదవాలి. అది చికిత్స పూర్తయ్యాక చేసిన నడక. చికిత్స మానేసి చేసింది కాదు.

మనసు సంగతి దగ్గరికి వస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. "అన్నీ లోపల దాచుకుంటావు, అందుకే గడ్డ కట్టింది" అన్నారు బావగారు, సెలైన్ ఎక్కుతున్నప్పుడు. మంచికే అన్నారు. కానీ జబ్బు నేనే తెచ్చుకున్నానన్న మాట అది. ఉద్యోగంలో ఒత్తిడికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందా అని యూరప్‌లో లక్షా పదహారు వేలమందిని పరిశీలించి 2013లో ప్రకటించారు. పెద్దపేగు క్యాన్సర్‌తో సహా వెతికిన వేటికీ సంబంధం కనబడలేదు. దయచేసి రోగి దగ్గర కూర్చుని ఆ మాట అనకండి.

అలాగని మనసుకి వైద్యం అక్కర్లేదని కాదు. ప్రతి రక్తపరీక్షకి ముందు నాలుగు రాత్రులు నిద్రుండేది కాదు. వచ్చినవాళ్ళంతా ధైర్యంగా ఉండమనేవారు. అది విన్నాక వాళ్ళ ముందు ఏడవడానికి కూడా ఉండేది కాదు. ఆసుపత్రి కౌన్సెలరుతో మొదటిసారి నా భయం పైకి చెప్పాను. ఇంట్లో మీ ఆయనతో ఇదే మాట అనగలరా అని అడిగిందామె. ఆ రాత్రి అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ భయమేనే, నీకు చెప్తే నువ్వు బెదిరిపోతావని ఊరుకున్నాను" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేం అంత దగ్గరగా మాట్లాడుకున్నది అప్పుడే. డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్టు 1989లో, రోగులు బృందంగా కూర్చుని మాట్లాడుకుంటే ఎక్కువకాలం బతికారని ప్రకటించారు. మళ్ళీ ఆయనే చేసిన ప్రయోగంలో, 2007లో, ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. నాకది నిరాశ కలిగించలేదు. ఆయుష్షు పెరక్కపోయినా నిద్ర వచ్చింది, అన్నం సయించింది. ఆ కారణం చాలదా? కౌన్సెలరు అందుబాటులో లేనివాళ్ళు ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మిగిలింది అక్క. తోబుట్టువుకి పెద్దపేగు క్యాన్సర్ వస్తే మిగతావాళ్ళు నలభై ఏళ్ళనుంచే, తోబుట్టువుకి చిన్న వయసులో వస్తే అంతకన్నా ముందే, కొలనోస్కోపీ చేయించుకోవాలి. పేగులో చిన్న పొక్కులాంటి పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు పడుతుంది, ఆలోపు చూసి తీసేస్తే జబ్బు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. తమ్ముడు చేయించుకున్నాడు, ఏమీ లేదు. అక్క మాత్రం "నాకేటయిందే, బాగానే ఉన్నాను కదా" అంటూ దాటేస్తోంది. నేను వాదించడం లేదు. నా గదిలో నిలబడి కత్తి పెట్టనివ్వకే అన్నప్పుడు ఆమె గొంతులో ఉన్నదీ, ఇప్పుడు ఉన్నదీ భయమే. కొత్త నోటుబుక్కు ఒకటి కొని ఇచ్చాను, అడగాలనుకున్నవన్నీ రాయమని. మత్తిస్తారా, నొప్పి ఉంటుందా, ముందురోజు ఏం తినాలి అని మూడు ప్రశ్నలు రాసిందట. కార్తీకమాసం దాటాక వస్తానంది. తేదీ నేనే తీసుకున్నాను.