గొట్టంలో గాజు పూసలు పోయడానికి మూడు నెలలు – నా అనుభవం

పొద్దున్నే మెయిల్ వచ్చింది, పేపర్ యాక్సెప్ట్ అయింది. రెండు రోజులు ఆగితే కోపం చల్లారిపోతుందని ఇప్పుడే రాస్తున్నాను.

ఇసుక, గింజలు, మాత్రల్లాంటివి ఎలా సర్దుకుంటాయి, ఎలా జారతాయి, ఎందుకు ఇరుక్కుంటాయి అన్నదే నా థీసిస్. జారడం గురించిన భాగం రెండు వారాల్లో అయిపోయింది. అడుగున రంధ్రం పూస కంటే ఆరేడు రెట్లు వెడల్పుంటే పూసలు కమాను కట్టి ఆగిపోవడం అరుదు. పైన ఎంత ఎత్తుకు పోసినా ధార వేగం దాదాపు మారదు, నీళ్లకైతే మారుతుంది.

ప్రాణం తీసింది ప్యాకింగ్, అంటే పూసలు ఎంత దట్టంగా సర్దుకుంటాయన్నది. గొట్టంలో 1 మి.మీ. గాజు పూసలు పోసి, తూచి, చోటులో ఎంత శాతం నిండిందో లెక్కగట్టాలి, అంతే. వరస లేకుండా బాగా కుదించిన గుండ్రటి పూసలు 64 శాతం దగ్గర ఆగుతాయని 1960లోనే బాల్ బేరింగులతో చూపించారు. నాకేమో ఒకరోజు 58, మర్నాడు 61, సాయంత్రం మళ్లీ 59. తూకం మెషీన్ మార్చాను, పూసలు కడిగి ఆరబెట్టాను, మళ్లీ జల్లెడ పట్టాను (ఆ జల్లెడ ఇవ్వడానికి స్టోర్స్‌లో మూడు సంతకాలు అడిగారు, మీరైతే సొంతంగా ఒకటి కొనుక్కోండి).

ఆ అంకెలతోనే సెమినార్‌కి వెళ్లాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "పోసేటప్పుడు గరాటు ఎంత ఎత్తులో పెట్టావమ్మా?" అని అడిగారు. నోట్‌బుక్‌లో లేదు. "మరి ఇన్నాళ్లూ నువ్వు కొలిచింది దేన్ని?" అన్నారు. నలభై మంది ముందు నోరు పెగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. పూసల కుప్ప తనని ఎలా పోశారో గుర్తు పెట్టుకుంటుంది. ఎత్తు నుంచి పడితే ఒక రకంగా, మెల్లగా జారితే ఇంకో రకంగా సర్దుకుంటుంది, బల్లకి చెయ్యి తగిలినా కుదురుకుంటుంది. 1995లో షికాగో యూనివర్సిటీ వాళ్లు గొట్టాన్ని వేల సార్లు తట్టినా పూసలు ఇంకా కొద్దికొద్దిగా దిగుతూనే ఉన్నాయట. పైగా నా గొట్టం 12 మి.మీ.దే, అంటే అడ్డంగా పన్నెండు పూసలు. గోడ పక్కన పూసలు వరసకట్టి, గోడకీ తమకీ మధ్య ఖాళీలు వదులుతాయి, శాతం పడిపోతుంది. ఇదంతా తెలిసిన వాళ్లు కూడా పేపర్లో "పూసలను గొట్టంలో పోశాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అది చదివి నాలాంటి వాళ్లు నెలలు పోగొట్టుకుంటారు, నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

గొట్టం 50 మి.మీ.ది తెచ్చాను. ఎలా పోశానన్నది చెరిగిపోయేలా ప్రతిసారీ అడుగు నుంచి గాలి ఊది పూసలన్నీ కదిలేలా చేసి, గాలి మెల్లగా తగ్గించి, ఆ తర్వాతే కొలిచాను. ప్లాస్టిక్ గొట్టానికి పూసలు కరెంటు పట్టి అంటుకుంటుంటే గాజుది పెట్టి, ఈ అంటుకోవడం గదిలో తేమని బట్టీ మారుతుంది కాబట్టి అది కూడా రాసుకున్నాను. వరసగా ఇరవై సార్లు చేస్తే అన్నీ అర శాతం లోపే వచ్చాయి. ఆ గ్రాఫ్ తీసుకుని మొదట ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. చాలాసేపు చూసి, తేమ ఎంతో అడిగారు. చెప్పాను.