88 తిత్తుల పియానో

వందేళ్ల కాలాన్ని తట్టుకున్న చెక్క, మధ్యలో ఎవరో చేసిన మరమ్మతుకు తట్టుకోలేకపోయింది. ఒహాయోలో మా వీధిలోని పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే నా గరాజుకు చేరిన ఈ ప్లేయర్ పియానో 1920లలో న్యూయార్క్‌లో తయారైంది. చిల్లుల కాగితపు చుట్ట తగిలించి పెడళ్లు తొక్కితే చాలు, మెట్లు వాటంతటవే కదులుతాయి. అమెరికా తయారీదారులు 1908లో చుట్టలకు ఒకే కొలత, 11¼ అంగుళాల వెడల్పు, నిర్ణయించుకున్నారు కనుక 88 మెట్లకు చేసిన చుట్ట ఏ సంస్థదైనా ఇందులో ఆడుతుంది. రేడియో వచ్చాక వీటి గిరాకీ పడిపోయింది. 1929 మాంద్యం మిగిలినది కూడా ఊడ్చేసింది.

పద్యనాటకాలకు హార్మోనియం వాయించే మామయ్య పక్కన కూర్చుని పెరిగిన నాకు, తిత్తి అంటే గాలిని తోసేదే. ఇక్కడ అంతా తలకిందులు. తొక్కేకొద్దీ లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. కాగితం జారే ఇత్తడి పట్టీకి 88 రంధ్రాలు, మెట్టుకొకటి. చిల్లు రంధ్రం మీదికి రాగానే పిసరంత గాలి గొట్టంలో దూరి పల్చటి తోలు పొరను లేపుతుంది. దాంతో వాల్వు తెరుచుకుని, ఆ మెట్టు తాలూకు చిన్న తిత్తి ముడుచుకుపోయి, సుత్తిని తీగ మీదికి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులోనే!

తిత్తులకు చుట్టిన రబ్బరు పూత గుడ్డ అప్పడంలా విరుగుతోంది. దాన్ని మార్చడానికి ఓపిక చాలు. చిక్కంతా జిగురుతోనే. ఆనాటివాళ్లు వాడింది జంతువుల తోలు నుంచి తీసిన జిగురు. సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌లో కరిగించి పూస్తారు. మళ్లీ వేడీ తడీ తగిలితే విడిపోతుంది. తర్వాత ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు. మధ్యలో వచ్చిన మహానుభావుడు తిత్తుల కింది వరుసను తెల్లటి ప్లాస్టిక్ జిగురుతో చెక్కకు అతికించాడు. ఉలి పెడితే జిగురు ఊడదు, చెక్క చీలుతుంది. పై వరుసలు సులువుగానే వచ్చాయి. కింది వరుసను మాత్రం అరగదీసి, చీలిన చోటల్లా మేపుల్ చెక్క వేశాను. అతకడానికి మళ్లీ ఆ తోలు జిగురే.

ఆయనే కాబోలు, విద్యుత్ మోటారు కూడా బిగించాడు. తీసేశాను. స్విచ్చి వేసుకోక కాళ్లనొప్పులెందుకని మిత్రులు అడుగుతున్నారు. బలంగా తొక్కితే స్వరం లేస్తుంది, తేలిగ్గా తొక్కితే మెత్తబడుతుంది. మోటారుకు ఆ తేడా ఏం తెలుసు?

వార్నిషు గీకి కొత్తగా మెరిపించమని మా ఆవిడ పోరు. మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేశాను. ఇక రబ్బరు గొట్టాలు మిగిలాయి. అవి మాత్రం కొత్తవే వేస్తాను, గాలి కారకపోతే చాలు.