అరీనా మెక్సికోలో శుక్రవారం రాత్రి

డల్లాస్ నుంచి మెక్సికో సిటీ వెళ్లినవాళ్లు పిరమిడ్లూ, చిత్రకారిణి ఫ్రీదా కాలో ఇల్లూ చూసొస్తారు. మేమూ చూశాం, బాగున్నాయి. కానీ నాకు రాయాలనిపించింది శుక్రవారం రాత్రి అరీనా మెక్సికోలో చూసిన లూచా లీబ్రే, అంటే మెక్సికోవాళ్ల మాస్కుల కుస్తీ, గురించే.

ముందు డబ్బుల సంగతి. హోటల్ దగ్గర టూర్ వాళ్లు టికెట్టూ, మాస్కూ, బీరూ కలిపి మనిషికి అడిగిన రేటుకి కౌంటర్లో నలుగురికి మంచి సీట్లే వస్తాయి. ఒళ్లు మండింది. మెట్రో ఎక్కితే 5 పెసోలు. క్వావ్తెమోక్ స్టేషన్లో దిగి డాక్టోరెస్ పేటలోకి జనం వెంట నడిస్తే చాలు.

మాకు ఈ ఆట టెన్ స్పోర్ట్స్ ఛానెల్ పెట్టిన పిచ్చి. మాస్కు వేసుకుని కుస్తీ పట్టే రే మిస్టీరియో వస్తున్నాడంటే వీధి పిల్లలంతా మా ఇంట్లోనే. మొహాలకి తువ్వాళ్లు చుట్టుకుని, అరుగు మీంచి పరుపు మీదకి దూకేవాళ్లం. మాకు తెలిసిన మెక్సికో కుస్తీ అంతే: ఎగరడం, దూకడం, అయిదు నిమిషాల్లో అయిపోవడం.

ఇక్కడ అసలు మ్యాచ్ ముగ్గురికి ముగ్గురు. మూడు రౌండ్లలో రెండు గెలవాలి. ఒకడు రింగు బయటకి దొర్లితే చాలు, చెయ్యి తగిలించక్కర్లేదు, వాడి జట్టువాడు లోపలికొచ్చేస్తాడు. మొదటి రౌండు నింపాదిగా, పట్లతో సాగుతుంది. మంచివాళ్లు తెక్నికోలు, దుర్మార్గులు రూడోలు. ఎవడెలాంటివాడో మనకి తెలిసేది ఆ రౌండులోనే. అమెరికన్ టీవీ కోసేసింది సరిగ్గా దాన్నే.

నా పక్కన ఒక పెద్దావిడ, మనవరాలితో వచ్చింది. ఇంగ్లీషు కొంచెం వచ్చు. రెండో రౌండులో ఒక రూడో అవతలివాడి తల వెనక మాస్కు తాడు ముడి విప్పడం మొదలెట్టాడు. ఒక్కో కంతలోంచి తాడు లాగుతున్నాడు. గెలిచే పట్టులో ఉన్న తెక్నికో ఆ పట్టు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ లేచి నిలబడి తిట్టిన తిట్లకి మనవరాలు పకపకా నవ్వింది. "ఓడిపోయినా పరవాలేదు బాబూ, మొహం కనపడకూడదు" అంది నాతో. ఎదుటివాడి మాస్కు పీకితే ఆట నుంచి తీసేస్తారు. పందెం కాసి ఓడినవాడే మాస్కు తియ్యాలి, ఇక మళ్లీ వేసుకోకూడదన్నది అక్కడి ఆచారం. మెక్సికోలో ఎంతో పేరున్న కుస్తీవాడు ఎల్ శాంతో 1984లో పోతే మాస్కుతోనే పాతిపెట్టారు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది 1999 ఫిబ్రవరి. డబ్ల్యూసీడబ్ల్యూ అనే అమెరికన్ కుస్తీ కంపెనీ రే మిస్టీరియో మాస్కు తీయించింది. అంతకుముందే ఇంకో మాస్కు కుస్తీవాడు హువెంతూద్ గెరేరాకీ అదే గతి. ఈ కుర్రాళ్లు ఆ కంపెనీ టీవీ షోకి 1996 నుంచి కొత్త ఊపిరి పోశారు. అయినా వాళ్ల పరువు అక్కడివాళ్లకి తెలియలేదు. 2002లో ఇంకో అమెరికన్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో, ఆ ఆచారం పక్కనపెట్టి, రే మళ్లీ మాస్కుతో దిగాడు కాబట్టి మేం ఆ మాస్కు చూడగలిగాం.

బాగా చూపించినవాళ్లు లేకపోలేదు. 1994 నవంబర్‌లో ఆంటోనియో పెన్యా తన మెక్సికన్ కుస్తీ కంపెనీ ఏఏఏ జట్టుని లాస్ ఏంజెలెస్ తీసుకెళ్లి పే పర్ వ్యూలో, అంటే డబ్బు కట్టి చూసే టీవీ షోలో, ఆడించాడు. ఆక్తాగోన్, ఎల్ ఇహో దెల్ శాంతో మాస్కులు పందెం కాస్తే, ఎడీ గెరేరో, ఆర్ట్ బార్ జుట్టు పందెం కాసి ఓడి గుండు కొట్టించుకున్నారు. మాస్కు విలువ తెలిసి చేసిన ఆట అది. 2014లో ఎల్ రే ఛానెల్లో వచ్చిన కుస్తీ షో లూచా అండర్‌గ్రౌండ్ కూడా నాకు ప్రాణం. నాలుగు సీజన్లకే ఆపేశారు, ఆ బాధ ఇంకా పోలేదు.

2025లో ఏఏఏని డబ్ల్యూడబ్ల్యూఈ కొంటున్నట్టు ప్రకటించింది. ఆ మాటెత్తితే పెద్దావిడ చెయ్యి విదిలించింది. ఈ అరీనా సీఎంఎల్ఎల్‌ది, 1933 నుంచి నడుస్తున్న కంపెనీ, దాన్నెవరూ కొనలేదంది. నేను మాత్రం ఆశపడుతున్నా. డబ్బూ కెమెరాలూ డబ్ల్యూడబ్ల్యూఈ దగ్గర దండిగా ఉన్నాయి. ముగ్గురికి ముగ్గురు మ్యాచ్ ఒక్కటైనా, మొదటి రౌండు నుంచి మూడో రౌండు దాకా, మధ్యలో యాడ్ వెయ్యకుండా చూపిస్తే బాగుండు.