ఇష్టం లేకుండానే బయల్దేరే వీరుడితో వెయ్యి పేజీలు: నా అనుభవం

టోల్కీన్ ఇంగ్లిష్ ఫాంటసీ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదలుపెట్టి వంద పేజీల దగ్గర పక్కన పెట్టేసినవాళ్లు మా విజయనగరంలో చాలామందే ఉన్నారు. అందరూ చెప్పే కారణం ఒకటే: లోకాన్నే లోబరచుకోగల దుష్ట ఉంగరాన్ని నాశనం చేసే భారం నెత్తిన పడినా హీరో ఫ్రోడో కదలడు. నిజమే, కదలడు. ఆ కదలకపోవడంలోనే నవల రుచంతా ఉందని నా గట్టి నమ్మకం. నేను చదివిన పద్ధతి చెబుతాను.

ముందుమాట మొత్తం చదవక్కర్లేదు. హాబిట్ల (ఫ్రోడో పుట్టిన పొట్టి మనుషుల జాతి) పొగాకు గురించీ, వాళ్ల పాలన గురించీ ఉన్నవి తర్వాత చూసుకోవచ్చు. ఉంగరం దొరికిన వైనం చెప్పే నాలుగో భాగం మాత్రం వదలొద్దు. అది చదవకపోతే రెండో అధ్యాయంలో మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పేది తలకెక్కదు.

పేపర్‌బ్యాక్‌లో మ్యాపు నడిమి మడతలోకి పోయి పేర్లు కనిపించవు. రెండు పేజీలూ విప్పి పెడితే ఇంచుమించు ఏ4 సైజు. జిరాక్సు షాపులో 141 శాతం పెట్టమంటే ఏ3 కాగితం నిండా వస్తుంది. దాని మీద పెన్సిలుతో దారి గీసుకుంటూ వెళ్లాను. ఒకే మనిషికి నాలుగైదు పేర్లుండటం చాలామందిని తికమక పెడుతుంది. ఫ్రోడోకి దారి చూపే స్ట్రైడరే రాజవంశ వారసుడు ఆరగార్న్, ఆయనే ఎలెస్సార్. పిడుగు పడితే ‘అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ’ అని పది పేర్లూ చదివే ఇళ్లలో పెరిగిన మనకి ఇదో లెక్కా? అట్ట లోపలి కాగితం మీద ఒక వరుసలో రాసుకుంటే చాలు.

ఇక అసలు సంగతి. ఫ్రోడోకి ఉంగరం చేతికొచ్చేటప్పటికి 33 ఏళ్లు. అదేమిటో గాండాల్ఫ్ వచ్చి చెప్పేది దాదాపు 17 ఏళ్ల తర్వాత, ఏప్రిల్‌లో. అతను ఇల్లు వదిలేది సెప్టెంబరు 23న, యాభయ్యో పుట్టినరోజు మర్నాడు. మధ్యలో ఐదు నెలలు ఇల్లు అమ్మడం, సామాను సర్దడం, ఇంకొన్నాళ్లు ఆగుదామనుకోవడం. సినిమా చూసి పుస్తకం పట్టుకున్నవాళ్లకి ఇక్కడే ఓపిక చచ్చిపోతుంది, ఎందుకంటే సినిమాలో ఇదంతా చిటికెలో అయిపోతుంది.

ఇక్కడ నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటుంది. ఫ్రోడో ఉంగరాన్ని ఇంకొకరికి అప్పజెప్పాలని చూసిన ప్రతిచోటా అంచులో గీత పెట్టుకోవాలి. మొదట గాండాల్ఫ్‌ని తీసుకోమంటాడు. ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చడానికి ఎల్ఫులనే అమర జాతి పెద్ద ఎల్రాండ్ తన రివెండెల్‌లో పెట్టిన సభలో, అయితే ఇది నీదే కదా అని ఆరగార్న్‌తో అంటాడు. తర్వాత ఎల్ఫుల దొరసాని గలాడ్రియల్ ముందు పెడతాడు. ముగ్గురూ అతనికన్నా ఎంతో బలవంతులు, ముగ్గురూ కాదంటారు. గాండాల్ఫ్, గలాడ్రియల్ భయమైతే తమ బలం గురించే: ఆ ఉంగరంతో తాము ఏమైపోతామో వాళ్లకి తెలుసు. మూడు గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే, వద్దన్నది ఫ్రోడో ఒక్కడే కాదని తేలుతుంది.

మనవాళ్లు అతన్ని ఉత్తరకుమారుడితో పోలుస్తారు. అది కుదరదు. ఉత్తరుడు అంతఃపురంలో కోతలు కోసి, కౌరవసేన కనపడగానే రథం దూకి పరిగెత్తాడు. ఫ్రోడో ఏనాడూ గొప్ప చెప్పుకోలేదు. సభలో మధ్యాహ్నపు గంట మోగాక ఎవరూ పెదవి విప్పరు, అందరి చూపులూ నేలమీదే. తనకి ఉంగరం వదిలివెళ్లిన బిల్బో పక్కన ఆ రివెండెల్‌లోనే ఉండిపోవాలని ఫ్రోడో ప్రాణం కొట్టుకుంటుంది. అయినా నోరు పెగల్చుకుని నేను తీసుకెళ్తానంటాడు, తన గొంతుతో ఇంకెవరో పలికించినట్టు తనకే ఆశ్చర్యమేస్తుంది. ఆ పేజీ నెమ్మదిగా చదవాలి.

ఆ సభ ఉన్న అధ్యాయం బాగా పొడుగు. విజయనగరం నుంచి వైజాగ్ వెళ్లే ప్యాసింజర్‌లో మామూలు అధ్యాయం కోరుకొండలో మొదలెడితే సింహాచలం వచ్చేలోపు అయిపోతుంది. ఇది అవదు, పైగా కొత్తవలసలో ఎక్కే జనం మధ్య అంతమంది మాటలు ఎవరివో ఆనవు. దీన్ని ఇంట్లో, ఒకే విడతలో చదివితేనే అందం.

రెండోసారి జనం ఆగిపోయేది రెండో సంపుటంలో. 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చినా లోపల ఉన్నవి ఆరు భాగాలు. మూడో భాగం మొత్తంలో ఫ్రోడో కనిపించడు. నాలుగో భాగంలో అతనూ, అతని తోటమాలి శామూ, వాళ్ల వెంట ఒకప్పుడు ఉంగరం తన దగ్గరున్న గొల్లమ్. ఈ రెండూ చాలావరకు ఒకే కాలంలో జరుగుతాయి. ఫ్రోడో కోసం మూడో భాగం దాటేసి నాలుగుకి వెళ్లొద్దు. మూడో భాగంలోని తోటివాళ్లకి అతని జాడ తెలియదు, మనకీ తెలియకపోతేనే ఆ ఆత్రం నిలుస్తుంది.

ఆరో భాగం మూడో అధ్యాయంలో కొండ మీద ఏం జరిగిందో నేను చెప్పను. దాని తర్వాత ఇంకా ఆరు అధ్యాయాలుంటాయి. కథ అయిపోయిందని అక్కడ మూసేస్తే, సొంతూరికి తిరిగొచ్చాక జరిగే పోరులో కత్తి దూయని ఫ్రోడోని, లొంగిపోయినవాళ్లని చంపనివ్వని ఫ్రోడోని చూడకుండానే పోతాం. చివర్లో ఉన్న తేదీల పట్టిక, అనుబంధం బి, ఇవన్నీ అయ్యాకే తెరవాలి. ముందు తిరగేస్తే ముగింపు అందులోనే రాసుంటుంది.