బ్యాటరీ సైకిలు మీద భీమిలి

విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురంలో ఆఫీసుకి రోజూ బ్యాటరీ సైకిలు మీదే వెళ్తుంటాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పక్కన స్కూటర్ మీద ఉన్నవాళ్ళు అడిగేది ఒకటే, "ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుందండీ?" కంపెనీవాళ్ళు రాసిన అంకె చెప్పాలనిపించదు, నాకొచ్చేది చెబుదామంటే రోజుకో రకంగా ఉంటుంది. ఈ ఊళ్ళో బ్యాటరీని తినేది ఎత్తులూ గాలీనే, కిలోమీటర్లు వాటి తర్వాతే. అదేదో ఒకసారి గట్టిగా చూసేద్దామని ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్నే భీమిలిలో మా పిన్ని ఇంటికి దీని మీదే బయల్దేరాను. బీచ్ రోడ్డు పట్టుకుంటే అటు పాతిక కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ.

బండి సంగతి ముందే చెప్పేస్తాను. వెనక చక్రంలో 250 వాట్ల మోటారు, 36 వోల్టుల లిథియం బ్యాటరీ, ఏడు గేర్లు, మొత్తం ఇరవై రెండు కిలోల దాకా బరువు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే మన దేశంలో లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, అందుకని 25 దగ్గర పడగానే మోటారు సాయం ఆపేస్తుంది, ఆపైన మన కాళ్ళ బలమే. యాక్సిలరేటర్ తిప్పి ఊరికే కూర్చోవచ్చు కూడా, కానీ అలా కూర్చుంటే భీమిలి చేరడమే గొప్ప. తొక్కుతుంటే మోటారు తోడుపడే మోడ్‌లో రెండో నంబరు పెట్టుకుని కదిలాను, నంబరు పెరిగేకొద్దీ మోటారు సాయం ఎక్కువ.

అప్పూఘర్, జోడుగుళ్ళపాలెం దాకా ఏమీ తెలియదు. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కొండ అంచున రోడ్డు పైకి లేస్తుంది చూడండి, అక్కడ మొదలవుతుంది అసలు కథ. డిస్‌ప్లేలో ఐదు గీతలు నిండుగా ఉన్నవి ఎక్కుతుంటే మూడుకి పడిపోయాయి. కొత్తగా కొన్నవాళ్ళకి ఇక్కడే టెన్షన్. కంగారు పడక్కర్లేదు, మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే బ్యాటరీ వోల్టేజీ కాసేపు దిగుతుంది, ఆ గీతలు చూపించేది దాన్నే. పైన ఆగి, 2020లో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చిన ఒడ్డు వైపు చూస్తూ నీళ్ళు తాగేలోపు మళ్ళీ ఐదు గీతలూ వచ్చేశాయి. ఎంత మిగిలిందో తెలియాలంటే చదును మీద, కాళ్ళు ఆపి చూడాలి.

సాగర్‌నగర్, రుషికొండ, గీతం యూనివర్సిటీ, ఇవన్నీ వెనకనుంచి సన్నగా గాలి తోస్తుంటే హాయిగా దాటేశాను. తొట్లకొండ దగ్గర మాత్రం ఎడమవైపు ఘాట్ రోడ్డులోకి తిప్పాను. పైన బౌద్ధ ఆరామం శిథిలాలు ఉన్నాయి, చాలాసార్లు చూసినవే, నాకు కావలసింది ఆ ఎక్కుడు. సముద్రం నుంచి సుమారు 128 మీటర్ల ఎత్తు. నేనూ సైకిలూ నీళ్ళ సీసాలూ కలిపి వంద కిలోలు అనుకుంటే, అంత బరువుని అంత ఎత్తు లేపడానికే 35 వాట్-అవర్లు కావాలి (వెయ్యి వాట్-అవర్లయితే ఒక కరెంటు యూనిట్). మోటారు వేడి రూపంలో పారేసేది కూడా కలిపితే నా 280 వాట్-అవర్ల బ్యాటరీలో ఐదో వంతు దాకా ఈ ఒక్క కొండకే సరి. ఇలా చక్రం మధ్యలో, హబ్‌లో ఉండే మోటారుకి నెమ్మదిగా ఎక్కడం పడదు, చక్రం ఎంత నిదానంగా తిరిగితే అంత వేడెక్కుతుంది. అందుకే మలుపుకి ముందే చిన్న గేరు వేసుకుని గబగబా తొక్కాలి, మలుపులోకి వెళ్ళాక గేరు మారిస్తే చెయిన్ టకటకమంటుంది. పైకి చేరాక హబ్ మీద చెయ్యి పెట్టాను, ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది, అంతే. నా చొక్కా మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది. బ్యాటరీ సైకిలుకి చెమట పట్టదని ఎవరైనా అంటే వాళ్ళు ఏప్రిల్లో విశాఖ రాలేదన్నమాట.

మంగమారిపేట దగ్గర కొబ్బరిబోండాం తాగుతుంటే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన సైకిలుని పైనుంచి కిందకి చూసి, "ఏటి బావూ, కరెంటు సైకిలా?" అన్నాడు. అవునన్నాను. "ఇప్పుడు బాగానే ఎల్తావు. తిరిగొచ్చీటప్పుడు దచ్చిణం గాలి తగులుతాది, సూసుకో."

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగకుండా పిన్ని ఇంటికి చేరేసరికి రెండు గీతలు మిగిలాయి. పిన్ని గుమ్మంలోనే అందుకుంది, "ఏరా, పెట్రోలుకి డబ్బుల్లేక సైకిలెక్కావా? 900కె బస్సెక్కితే సుఖంగా వచ్చేవాడివి కదరా." బ్యాటరీ తాళం తీసి, ఊడదీసి, టీవీ పక్క ప్లగ్గుకి పెట్టాను. కరెంటు బిల్లు గురించి బాబాయి మొహమాటంగా అడిగాడు. నిండా ఎక్కినా యూనిట్‌లో మూడో వంతు, ఎంత పై స్లాబులో ఉన్నా మూడు నాలుగు రూపాయలు దాటదంటే నమ్మలేదు. ఛార్జర్ చిన్నది కాబట్టి నాలుగు గంటలు పడుతుంది. చేపల పులుసు, కునుకు, ఆ తర్వాత తాటిముంజలు, టైము అలాగే అయిపోయింది.

నాలుగున్నరకి బయల్దేరితే ఆ పెద్దాయన చెప్పిందే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది, వేసవి సాయంత్రం గాలి కూడా దాదాపు అదే దారిలో నైరుతి నుంచి కొడుతుంది. అంటే భీమిలి వెళ్ళేవాడికి తోడు, వచ్చేవాడికి ఎదురు. 25లో పోతుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వచ్చిందంటే ఒంటికి తగిలేది 40, గాలి ఆపే బలం రెండున్నర రెట్లు. పొద్దున్న రెండో నంబరుతో ఆడుతూ పాడుతూ వచ్చిన చోట మూడో నంబరు పెట్టినా 19 దాటలేదు, గీతలు కళ్ళముందే కరుగుతున్నాయి. చేసేదేముంది, మళ్ళీ ఒకటో నంబరుకి దించి, వేగం 16కి తగ్గించి, హ్యాండిల్ మీదకి వంగి తొక్కాను. వేగం తగ్గిస్తే గాలి కూడా తగ్గుతుంది, ఇది స్కూటర్ వాళ్ళకి అర్థమయ్యే విషయం కాదు. తొట్లకొండ ఎక్కకపోయినా వచ్చినదానికంటే తిరుగు దారిలోనే ఎక్కువ ఖర్చయింది. తెన్నేటి పార్కు ఎత్తు ఒక్క గీతతో ఎక్కి ఇల్లు చేరాను.

రాత్రి చెయిన్ తుడిచి నూనె వేశాను, ఉప్పుగాలికి ఒక్క వారం వదిలేస్తే తుప్పే. పిన్ని ఫోన్ చేసి మళ్ళీ ఎప్పుడొస్తావంది. చలికాలంలో వస్తానన్నాను. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి, పోయేటప్పుడే తిప్పలు, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. తేగలు కూడా అప్పుడే కదా దొరికేది.