నాన్న కాలి బొటనవేలికి బీపీ

ఈరోజు నాన్నకి డయాలసిస్. మెషీన్ మీదికి ఎక్కించే ముందు కాలి బొటనవేలికి ఒక బుల్లి పట్టీ కట్టి బీపీ చూశారు. వేలికి కూడా బీపీ చూస్తారని చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

ఎడమకాలి చిటికెనవేలి పక్కన చెప్పు రాసుకుని చిన్న పుండు పడింది. మామూలుగా అయితే ఈపాటికి పక్కు కట్టి రాలిపోవాలి, ఇది మాత్రం అంచులు తెల్లబడి, మధ్యలో తడిగా అలాగే ఉంది, ఆ పాదం రెండోదానికంటే చల్లగా తగులుతోంది. పోయినసారి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనీ కలిపిన చోటు) లేని చేతికీ, చీలమండకీ బీపీ చూసి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగించారు. 0.9 కంటే తక్కువొస్తే కాలి ధమని సన్నబడిందని అర్థం. నాన్నకి 1.4 దాటింది. "ఎక్కువే వచ్చిందిగా, ఇంకేం" అన్నారు నాన్న. కాదట. నాళం గోడలో కాల్షియం పేరుకుని గట్టిపడిపోతే పట్టీ ఎంత బిగించినా అది నొక్కుకోదు, అంకె ఎక్కువగా కనబడుతుంది, లోపల రక్తం సరిగా పారకపోయినా సరే. వేలి నాళాలు అంత త్వరగా గట్టిపడవు కాబట్టి అక్కడ చూస్తే నిజం తెలుస్తుంది. వేలి అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.7 కంటే తగ్గకూడదు, నాన్నకి బాగా తక్కువే వచ్చింది.

దీని వెనక ఎక్కువ పాత్ర ఫాస్ఫరస్‌ది. కిడ్నీలు పనిచేయనప్పుడు అది ఒంట్లోనే ఉండిపోతుంది, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటల డయాలసిస్ చేసినా తిండితో వచ్చేదంతా పోదు. అది పెరిగేకొద్దీ ధమని గోడలోని కండర కణాలు ఎముక కణాల్లా మారిపోయి కాల్షియాన్ని పేర్చుకుంటాయి. కొలెస్ట్రాల్‌తో లోపల పూడుకుపోవడం వేరు, ఇది వేరు, డయాలసిస్ వాళ్లలో చాలామందికి రెండూ ఉంటాయి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటే వేసుకోమనేది ఇందుకే, అది కడుపులో తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే దేన్ని పట్టుకుంటుంది?

నాకు బాధనిపించేది ఒకటే. వెళ్లిన ప్రతిసారీ బరువు చూస్తారు, బీపీ చూస్తారు, ఫిస్టులా మీద చెయ్యి పెట్టి జుమ్మంటోందో లేదో చూస్తారు, సాక్సులు విప్పి పాదాలు చూసేవాళ్లు తక్కువ. కాలికి రక్తం సరిగా అందకపోతే నడిచినప్పుడు పిక్కలు పట్టేస్తాయి, కానీ అలా అని చెప్పడానికి అసలు డయాలసిస్ వాళ్లు అంత దూరం నడిస్తే కదా! షుగర్ కూడా ఉంటే స్పర్శ తగ్గి పుండు నొప్పీ తెలియదు. అలాంటప్పుడు జబ్బు మొదట బయటపడేది మానని పుండుగానే.

"వేలు తీసేస్తారా?" అని నాన్న మెల్లిగా అడిగారు. ముందు డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీసి ఎక్కడ మూసుకుందో చూస్తారు, తెరవగలిగితే తెరుస్తారు నాన్నా అన్నాను. డయాలసిస్ అయ్యాక ఆయనకి కూర్చునే ఓపిక కూడా ఉండదు కాబట్టి డాప్లర్‌కి ఖాళీ రోజునే అడిగి రాయించుకున్నాను. ఇంకా కాస్త మూత్రం వస్తోంది, ఒకవేళ యాంజియోగ్రామ్ (నాళంలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) అంటే ఆ మందు వల్ల అది కూడా ఆగిపోతుందేమో సర్జన్ గారిని ముందే అడగాలి.